ఒక్క కేబులు, మూడు పెట్టెలు, ఆరింటి పంటు

ఎక్కాలు, ఎక్కడం

నాకు ఎక్కాలు వచ్చు, ఎక్కడం రాదు. ఇరవయ్యో ఎక్కం నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఇరవై అడుగుల నిచ్చెన చూపిస్తే మాత్రం మూడో మెట్టు దగ్గరే ఇష్టదైవం గుర్తొస్తుంది. ఇలాంటివాణ్ణి అమలాపురంలో ఒక చిన్న ఇంటర్నెట్ కంపెనీ, స్తంభాల మీద వైర్‌లెస్ పెట్టెలు బిగించే పనికి పెట్టుకుని, పద్దెనిమిదేళ్ళు భరించి, కిందటేడు శాలువా కప్పి ఇంటికి పంపింది.

మా తాతగారు ఘనాపాఠీ. ఆయన స్వస్తి చెబితే రెండు వీధుల అవతల వినిపించేదట, ఏ తీగా లేకుండానే. మా వంశంలో వైర్‌లెస్ అక్కడ మొదలై నా దగ్గరికొచ్చేసరికి వైర్లలో చిక్కుకుంది.

ఈ పనిలో కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికొస్తారు. ఏ కోర్సు చదవాలి, ఏ పెట్టె మంచిది అని అడుగుతారు. తోచింది చెప్తాను, కాఫీ తాగి వెళ్తారు. వాళ్ళు గేటు దాటాక, అసలు చెప్పవలసింది అది కాదే అనిపిస్తుంది. ఆ చెప్పనిదే ఇక్కడ రాస్తున్నాను. ఇందులో ప్రమోషన్ల సంగతులు లేవు. నాకూ పెద్దగా రాలేదు.

ముందుగా ఒక్క విషయం. దీని పేరు వైర్‌లెస్సే గాని బాధలన్నీ వైరుతోనే. ఎత్తున బిగించిన పెట్టె గాలిలో ఎంత దూరమైనా మాట్లాడుతుంది. దాని తిండి, అంటే కరెంటు, మాత్రం కిందనుంచే అందాలి. మనిషి తినేదీ మాట్లాడేదీ ఒక్క నోటితోనే అయినట్టు, ఆ పెట్టెకీ ఒక్కటే నోరు. పంపవలసిన మాటలూ, తినవలసిన కరెంటూ రెండూ ఒకే నెట్‌వర్కు కేబుల్లో పైకి వెళ్తాయి. చిటికెనవేలి మందం కూడా లేని ఆ కేబుల్లో ఎనిమిది సన్నటి తీగలుంటాయి. ఒక కేబులు మీద ఒక పెట్టె బతికితే ఎవరికీ ఇబ్బంది లేదు. రెండు మూడు పెట్టెలు బతకాలన్నప్పుడే మనకి ఎక్కాలు ఎంతవరకు వచ్చో తేలుతుంది.

దేవుడు కట్టిన టవర్లు

మా యజమాని మూర్తిగారు కేబుల్ టీవీ వ్యాపారం నుంచి ఇంటర్నెట్‌లోకి వచ్చినవారు. పదిమంది ముందు ఎవర్నీ పల్లెత్తు మాట అనేవారు కాదు. ఆ గుణం తరవాత చాలామంది చదువుకున్న మేనేజర్లలో వెతికాను, దొరకలేదు. ఆయనలో లోపమల్లా ఒకటే. ఏ పని గురించీ "అవుతుందా?" అని అడగరు. "అయిపోతుంది కదండీ శర్మగారూ" అంటారు. ఇక కాదనడానికి సందుండదు.

కోనసీమలో టవర్లు కట్టడం దండగ, దేవుడు ముందే కట్టేశాడు అన్నది ఆయన మొదటి సిద్ధాంతం. అందుకని అంబాజీపేట దగ్గర ఒక కొబ్బరి వర్తకుడి తోటలో ఎత్తయిన చెట్టు చూసి, మట్టలు పుట్టే మొవ్వు కింద పెట్టె కట్టించాం. పొద్దున్న బ్రహ్మాండంగా పనిచేసింది. మధ్యాహ్నం గాలి తిరిగింది. చెట్టు ఊగింది, చెట్టుతో పెట్టె ఊగింది, పెట్టెతో మా పరువు ఊగింది. లింకుకి రెండు చివరలా ఉన్న పెట్టెలు ఒకదాన్నొకటి కన్నార్పకుండా చూసుకుంటూ ఉండాలి. ఆ నియమం చెట్టుకి ఎవరూ చెప్పలేదు.

అలాగే నెలన్నర నెట్టుకొచ్చాక ఒకరోజు లింకు పూర్తిగా పోయింది. వెళ్ళి చూస్తే కేబులు రెండు ముక్కలై గడ్డిలో పడి ఉంది. ముందురోజు తోటలో దింపు జరిగింది. చెట్టెక్కి ముదురు కాయలు దించడాన్ని దింపంటారు. ఆ చేత్తోనే ఎండుమట్టలు కొట్టి మొవ్వు శుభ్రం చేస్తారు. దింపు తీసిన మనిషిని పిలిపించారు. పేరు సత్తిబాబు. బక్కమనిషి, పాతికేళ్ళు దాటి ఉంటాయి, కాళ్ళు మాత్రం ఇనపకడ్డీల్లా ఉన్నాయి.

"నువ్వేనా నా కేబులు కొట్టేసింది?" అన్నాను.

"ఆయ్, నేనేనండి. ఎండుమట్టనుకున్నానండి."

"ఎండుమట్ట నల్లగా, గుండ్రంగా, పెన్సిల్లా ఉంటుందా?"

"ఉండదండి. కానండి, చెట్టుకి పుట్టందేదైనా దింపులో కిందకొచ్చేయాలండి. అది మా పద్ధతండి. పాములైనా, పతంగులైనా, పంతులుగారి వైరైనా."

కోపం తెచ్చుకుందామని వెళ్ళినవాణ్ణి, ఆ ఎత్తుకి అతను ఎన్ని నిమిషాల్లో ఎక్కుతాడో కనుక్కుని వచ్చాను. మర్నాటినుంచి మా కంపెనీలో ఎక్కేది సత్తిబాబు, అతను దిగేదాకా దిగులుపడేది నేను. పద్నాలుగేళ్ళు అలా గడిచాయి. చెట్టుకి ఏదైనా కట్టేముందు ఆ చెట్టుతో బతికేవాణ్ణి అడగాలన్న తెలివి నాకు అతని కత్తి దెబ్బతో వచ్చింది. ఆ తరవాత మూర్తిగారు కూడా ఇనప గొట్టాలు కొనడం మొదలుపెట్టారు.

లంకకి లింకు

సత్తిబాబుది కొత్తపేట వైపు, గోదావరి రెండు పాయల మధ్యనున్న ఒక లంక. అక్కడికి పంటు మీద, అంటే పెద్ద బల్లకట్టు మీద, వెళ్ళాలి. మనుషులూ, మోటారుసైకిళ్ళూ, గేదెలూ అందరూ ఒకే పంటు మీద. పొద్దున్న ఆరింటికి మొదటిది, సాయంత్రం ఆరింటికి ఆఖరిది. అప్పట్లో సెల్‌ఫోను సిగ్నలు లంక రేవులో మాటకి చాలని ఒక్క గీత వచ్చేది, నాలుగడుగులు ఊళ్ళోకి వేస్తే అదీ రాననేది.

సత్తిబాబు భార్య మంగ కువైట్‌లో ఒకళ్ళింట్లో వంటపని చేసేది. ఆ ఇంటావిడ వారానికి ఒక్కసారి, శుక్రవారం నాడు, వాళ్ళ నాలుగింటికి ఫోను చేతికిచ్చి అరగంట మాట్లాడుకోనిచ్చేది. ఆ తరవాత ఫోను మళ్ళీ ఆవిడ బీరువాలోకి వెళ్ళిపోవలసిందే. అక్కడి నాలుగంటే మనకి ఆరున్నర. ఆ అరగంట కోసం సత్తిబాబు కూతుళ్ళిద్దర్నీ వెంటబెట్టుకుని ఆఖరి పంటు మీద ఇవతలి గట్టుకి వచ్చేవాడు. మాట్లాడాక తిరిగి వెళ్ళడానికి పంటు లేక ఎవరి పడవో బతిమాలుకునేవాడు.

ఒకరోజు ఏదో స్తంభం మీదనుంచి దిగుతూ అడిగాడు.

"పంతులుగారు, ఈ పెట్టె మా లంకలోకి రాదాండి?"

పంచాయతీవాళ్ళూ అంతకుముందే అడిగి ఉన్నారు. మూర్తిగారికి చెప్పాను. అయిపోతుంది కదండీ అన్నారు.

ఇబ్బంది ఒక్కచోటే వచ్చింది. అవతలి గట్టున నీళ్ళ ట్యాంకు మీద ఉన్న మా పెట్టె కనపడాలంటే స్తంభం రేవు దగ్గరే వెయ్యాలి. వరదొస్తే రేవు మునుగుతుంది కాబట్టి అక్కడ కరెంటు మీటరు పెట్టకూడదు. కరెంటు ఉన్నది తొంభై మీటర్లు లోపల, మెరక మీదున్న పంచాయతీ ఆఫీసులో. అక్కడ అడాప్టరు పెట్టి, అక్కణ్ణుంచి ఒక్క కేబులు కొబ్బరిచెట్ల మధ్యగా తీసుకొచ్చి స్తంభం పైకి ఎక్కించాం. పైన ఒక చిన్న డబ్బా. దానికి లోపలికి ఒక కంత, బయటికి మూడు కంతలు. ఒక కంతకి నీళ్ళ ట్యాంకు వైపు చూసే పెట్టె, రెండో కంతకి లంకలో ఇళ్ళవైపు చూసే పెట్టె. ఆ ఒక్క కేబులే ఇద్దరికీ తిండి పెడుతుంది.

పెట్టెని ట్యాంకు వైపు తిప్పించడానికే మాకు గంట పట్టింది.

"కాస్త కుడికి తిప్పు" అన్నాను కిందనుంచి.

"ఎవరి కుడండి, నాదా మీదా?"

"గోదారి వైపుకి."

"లంకండి ఇది. ఎటు తిప్పినా గోదారేనండి."

ఆ శుక్రవారం సత్తిబాబు తన పెరట్లోనే నిలబడి మంగతో మాట్లాడాడు. మర్నాడు పనిలోకొచ్చి, అరటిచెట్టు గెల వేసిందని చూపించాననీ, చూసి మంగ ఏడ్చిందనీ చెప్పాడు. అరటిగెల చూసి ఏడవడమేంటండి అని నన్నడిగాడు. నాకు తెలియదన్నాను. ఇద్దరికీ తెలుసు.

మూడో కంత

రెండేళ్ళు చక్కగా నడిచింది. తరవాతి వేసవి చివర్లో, వరదలు ఇంకా రాకముందు, మూర్తిగారు పిలిచారు.

"శర్మగారూ, లంక రేవులో కెమేరా పెడితే ఎలా ఉంటుందండీ? పంటు తిరుగుతోందా, నీరెంతదాకా వచ్చింది, అమలాపురంలో కూచుని ఫోన్లో చూసుకోవచ్చు. డబ్బాలో ఇంకో కంత ఖాళీగా ఉందన్నారుగా. అయిపోతుంది కదండీ?"

"అయిపోతుందండి" అన్నాను.

ఈసారి తప్పు ఆయనది కాదు. కంత ఖాళీగా ఉందా లేదా అన్నది యజమాని చూస్తాడు. కేబుల్లో కరెంటు ఉందా లేదా అన్నది నేను చూడాలి. ఒక బోదె కింద రెండు చేలు పండుతున్నాయి కదా అని మూడో చేను కలిపితే ఏమవుతుందో, మా కాలువ శివారు రైతునెవర్ని అడిగినా చెప్తాడు. నీరు దారిలోనే కొంత ఇంకుతుంది. ఎక్కువ లాగినకొద్దీ ఎక్కువ ఇంకుతుంది. కేబులూ అంతే. ఆఫీసు దగ్గర ఇరవై నాలుగు వోల్టులు ఎక్కిస్తే, కెమేరా తగిలించాక స్తంభం పైన పద్దెనిమిదిన్నర కనిపించింది. ఆ అంకె చూసి ఒక్క క్షణం ఆలోచించి ఉండవలసింది. కాని పెట్టెలు రెండూ వెలుగుతున్నాయి, కెమేరాలో రేవు కనిపిస్తోంది, పంటు మీద ఒక గేదె కూడా కనిపిస్తోంది. మధ్యాహ్నం రెండింటికి ఇంతకంటే ఏం కావాలి? ఆరింటి పంటు ఎక్కి వచ్చేశాను.

మూడు శుక్రవారాలు

మొదటి శుక్రవారం మంగ ఫోను పది నిమిషాలకే తెగిపోయింది. మళ్ళీ కలిసింది, మళ్ళీ తెగింది. సోమవారం నేను లంకకి వెళ్ళి చూస్తే అన్నీ దివ్యంగా ఉన్నాయి. కేబులు చివర క్లిప్పు సరిగా పట్టలేదేమోనని సత్తిబాబుని ఎక్కించి కొత్తది వేయించాను.

రెండో శుక్రవారం మళ్ళీ అదే కథ. ఈసారి ఉడత కొరికిందన్నాను. అరమీటరు కేబులు కోసి కొత్తది అతికించాం. ఉడత ఏ జన్మలో ఏ పుణ్యం చేసిందో, మా లింకుల లోకంలో సగం నిందలు దాని మీదే పడతాయి. లంకలో తక్కినవాళ్ళని అడిగితే, "సాయంత్రంపూట అందరూ చూస్తారు కదండి, నెమ్మదిగానే ఉంటాదండి" అన్నారు. అది కూడా నమ్మాను.

మూడో శుక్రవారానికి ముందురోజు సత్తిబాబు నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఎప్పుడూ గుమ్మంలోంచే మాట్లాడే మనిషి.

"పంతులుగారు, రేపు మాత్రం తెగకూడదండి."

"ఏం?"

"మంగ ఆకామా, అదేనండి, ఆళ్ళిచ్చే పర్మిటు, అయిపోతందండి. ఆదివారం కాగితం మీద సంతకం పెడితే ఇంకో రెండేళ్ళండి. పెట్టకపోతే ఇంటికొచ్చేయొచ్చండి. రమ్మంటావా, ఉండమంటావా చెప్పమందండి. రేపే చెప్పాలండి."

"ఏం చెప్తావు?"

"రమ్మంటానండి" అన్నాడు. "నాలుగేళ్ళైపోయిందండి."

శుక్రవారం పొద్దున్నే వెళ్ళాను. అడాప్టరు మార్చాను, డబ్బా మార్చాను, క్లిప్పులన్నీ మార్చాను. మధ్యాహ్నమంతా కొలిచాను. ఇవాళ తెగదు, నాదీ పూచీ అన్నాను. అయిదూ ముప్పావుకి సంచి సర్దుకుని రేవుకి నడిచాను.

ఆ రోజు ఎందుకు ఆగలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఇంట్లో పనేమీ లేదు. ఎవరూ రమ్మనలేదు. ఆరింటి పంటు కదులుతుంటే దాని మీద ఉండాలన్నది ఒక్కటే నాకున్న కారణం. ఆ లంకలో పనిచేసిన లైనుమన్లూ, టీచర్లూ, మేమూ అందరం అలాగే బతికాం. పని అయ్యేది పంటుని బట్టే గాని పనిని బట్టి కాదు. నేను లంకలో పొద్దుగూకడం అప్పటిదాకా ఒక్కసారి కూడా చూడలేదు.

ఆరూ నలభైకి లైను పోయింది. మంగ అడిగింది, సత్తిబాబు చెప్తున్నాడు, తెర మీద మంగ మొహం కదలకుండా నిలిచిపోయింది. ఆ తరవాత ఆ అరగంటలో మళ్ళీ కలవలేదు.

పొద్దుగూకాక

శనివారం సత్తిబాబు ఇవతలి గట్టుకొచ్చి ఫోన్లో సందేశం పెట్టాడు. అది మంగ చూసేది మళ్ళీ శుక్రవారమే. నేను అతనితోపాటు పంటు ఎక్కి లంకకి వెళ్ళాను. సాయంత్రం ఆరింటి పంటు కూత వేసింది. నేను కదల్లేదు.

స్తంభం మొదట్లో కూర్చున్నాను. సత్తిబాబు పైన డబ్బా దగ్గర మీటరు పట్టుకుని నిలబడ్డాడు.

"ఎంత?"

"పద్దెనిమిదిన్నరండి."

రేవు ఖాళీ అయింది. అవతలి గట్టున కొబ్బరిచెట్లు నల్లబడ్డాయి. గోదావరి కాసేపు రాగిరంగులో వెలిగి ఆరిపోయింది. ఆరూ ముప్పై అయిదుకి కెమేరా కన్ను చుట్టూ సన్నటి ఎర్రచుక్కలు మెరిశాయి. చీకట్లో చూడటానికి దానంతటది వెలిగించుకునే దీపాలు అవి.

"పదహారండి. పధ్నాలుగండి. పంతులుగారు, పెట్టెల్లో పచ్చలైట్లు ఆరిపోయేయండి."

కెమేరా వచ్చిన అట్టపెట్టె మీద పగలు ఎంత తింటుందో, చీకటిపడ్డాక ఎంత తింటుందో రెండు అంకెలు వేసి ఉన్నాయి. మొదటిదే చదివాను. ఎక్కడం ఎలాగూ రాదు, ఎక్కాలైనా వచ్చు అనుకునేవాణ్ణి. చివరికి ఎక్కాల్లోనే తప్పాను.

సత్తిబాబు దిగొచ్చాక చెప్పాను. "తప్పు నీ క్లిప్పుది కాదు, ఉడతదీ కాదు. నాది. కెమేరా దీపాలు వెలగ్గానే కేబుల్లో కరెంటు చాలక లింకు పోతోంది. నేను లెక్క కట్టలేదు."

అతను నడుముకి కట్టుకున్న తాడు విప్పి, చుట్ట చుట్టి, పక్కన పెట్టాడు.

"చీకట్లో కనపడ్డానికి దీపాలెట్టేరండి. నాకేమో మంగ కనపడకుండా పోయింది" అన్నాడు. తాడు తీసి భుజాన వేసుకుని, "అన్నం తిందురుగాని రండి. పంటు ఎలాగూ లేదు" అన్నాడు. ఆ రాత్రి వాళ్ళ అరుగు మీద పడుకున్నాను.

ఆదివారం కెమేరా పీకించాను. ఆ వారంలోనే నలభై ఎనిమిది వోల్టుల అడాప్టరూ, దాన్ని తట్టుకునే డబ్బా, పాత రాగిపూత కేబులు బదులు అసలైన రాగి కేబులూ వేసి మళ్ళీ తగిలించాం. ఒత్తిడి రెట్టింపు చేస్తే అదే పనికి ప్రవాహం సగం చాలు, దారిలో ఇంకేది నాలుగోవంతుకి పడిపోతుంది. దీపాలు వెలిగినా పైన నలభై నాలుగు తగ్గలేదు. పిల్లలూ, మీరు లెక్క మధ్యాహ్నానికి కట్టకండి, మునిమాపుకి కట్టండి. కట్టాక అక్కడే నిలబడి మునిమాపు చూడండి. ఈ వృత్తిలో నాకు తెలిసినదంతా ఇంతే.

శుక్రవారం లైను తెగలేదు. మంగ అప్పటికే సంతకం పెట్టేసింది. నీ మాట అందలేదు కదా, ఉండమన్నావేమో అనుకున్నాను అందట.

గంట

ఆ తరవాత రెండేళ్ళు, వరద రోజులు తప్పించి, ప్రతి శుక్రవారం అయిదింటి పంటు మీద లంకకి వెళ్ళాను. స్తంభం కింద మీటరు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. అవసరమేమీ లేదు. నలభై నాలుగు నలభై నాలుగుగానే ఉండేది. మూర్తిగారు ఒకసారి అడిగారు.

"శుక్రవారం శుక్రవారం లంకలో ఏముందండీ శర్మగారూ?"

"మెయింటెనెన్సండి."

ఆయన నా మొహం చూసి, పంటు ఖర్చు మా కంపెనీ పనికింద రాసుకోమన్నారు. మళ్ళీ అడగలేదు.

ఆరున్నరకి ఇంటి వైపునుంచి మాటలు లీలగా వచ్చేవి. చిన్నకూతురు గట్టిగా ఏదో లెక్క అప్పజెప్పేది. పెద్దది నర్సింగు హాస్టలునుంచి వచ్చిన వారం నవ్వులెక్కువ వినిపించేవి. ఒకసారి పులస పులుసులో బెండకాయ వెయ్యాలా అక్కర్లేదా అని మొగుడూ పెళ్ళాం ఆ అరగంటంతా పోట్లాడుకున్నారు. కువైట్‌లో పులసా లేదు, లంకలో ఆ వారం పులసా లేదు. ఏడింటికి మాటలు ఆగేవి. కాసేపటికి సత్తిబాబు వచ్చి నన్ను పడవలో ఇవతల దిగబెట్టేవాడు. దారంతా తెడ్డు చప్పుడొక్కటే.

నా వృత్తిలో మళ్ళీ కావాలనిపించేది ఏదైనా ఉంటే ఆ గంటే. ఇప్పుడు శుక్రవారం సాయంత్రం వీధి అరుగు మీద కూర్చుంటే, ఎక్కడికో వెళ్ళవలసినవాణ్ణి ఇక్కడెందుకున్నానా అనిపిస్తుంది.

మంగ మాట

రెండేళ్ళకి మంగ వచ్చింది. వారం తరవాత సత్తిబాబు భోజనానికి పిలిచాడు. నేను వెళ్ళేసరికి, నాకు బొండాలు దించుతానని చెట్టెక్కుతున్నాడు. పెరట్లో పీట వేసి మంగ ఎదురుగా నిలబడింది. గొంతు విని ఊహించుకున్నదానికంటే చిన్న మనిషి.

"అమ్మా, నీ విషయంలో నావల్ల పెద్ద పొరపాటు జరిగింది" అని మొదలుపెట్టాను. రెండేళ్ళనుంచి మనసులో పేర్చుకున్న మాటలు.

ఆమె చెట్టు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"ఆయన పైనుండగానే చెప్పాలండి పంతులుగారు. ఆ శుక్రవారం నాకు వినపడిందండి."

"ఏం వినపడింది?"

"అంతానండి. వచ్చేయ్ అన్నాడు. పిల్లలు బెంగెట్టుకున్నారన్నాడు. తనూ బెంగెట్టుకున్నానన్నాడండి. పెళ్ళయ్యేక ఎప్పుడూ అలా అన్లేదండి. అంతా విన్నాకే బొమ్మ ఆగిపోయింది."

నేను పీట మీదనుంచి లేచి నిలబడ్డాను.

"పెద్దది అప్పుడే నర్సింగులో చేరింది కదండి. ఇంకో రెండేళ్ళుంటే దాని చదువు గట్టెక్కుద్దండి. రమ్మన్న మనిషికి రానని మొహమ్మీద చెప్పగలనాండి? లైను పోయింది. అమ్మయ్య అనుకున్నానండి. ఫోను ఆవిడకిచ్చేసి, వంటింట్లోకెళ్ళి ఏడ్చేను."

పైనుంచి సత్తిబాబు "తప్పుకోండి" అని కేకేశాడు. ఇద్దరం పక్కకి జరిగాం. బొండాం మా మధ్య ధబ్బున పడింది.

"మీ మీదకొచ్చిందని తెలుసండి" అంది మంగ, వంగి దాన్ని తీస్తూ. "శుక్రవారాలు మీరొచ్చి కూచుంటన్నారని పిల్లలు చెప్పేవోరు. అప్పుడే చెబుదామనుకున్నాను. చెప్తే ఆయనకి తెలిసిపోద్ది. రమ్మంటే రాలేదని తెలిస్తే తట్టుకోలేడండి. మీరు పెద్దోరు."

"చెప్పనులేమ్మా" అన్నాను.

సత్తిబాబు దిగి, కత్తి తుడుచుకుంటూ వచ్చి, "ఏంటండి, నా మీద చాడీలా?" అన్నాడు.

"కెమేరా సంగతి చెప్తున్నాను" అన్నాను.

ఇప్పుడా లంకలోకి సెల్‌ఫోను టవరొచ్చింది. మా స్తంభం తీసేశారు. నేనూ తీసేసిన సామాన్లలోనే ఉన్నాను. సత్తిబాబు ఏదైనా పని మీద మంగని తీసుకుని అమలాపురం వస్తే మా ఇంటికి రాకుండా వెళ్ళడు. ఎవరైనా కొత్తవాళ్ళు కూర్చుని ఉంటే వాళ్ళకి చెప్తాడు. "ఈ పంతులుగారి కెమేరా మూలాన్నండి, మా ఇంటిది ఇంకో రెండేళ్ళు కువైట్‌లో ఉండిపోయింది. నేను రమ్మన్నది దానికి అందనేలేదండి." నవ్వుతూనే చెప్తాడు. వాళ్ళు నా వైపు చూస్తారు.

"ఆయ్, నా లెక్కే తప్పిందండి" అంటాను.

మంగ కాఫీ గ్లాసు కింద పెట్టకుండా, అందులోకి చూస్తూ కూర్చుంటుంది.